ఆవుల సంచిలో పొడి

పంక్తిలో కూర్చుంటే జడెప్ప కళ్ళు తన విస్తరి మీద నిలిచేవి కావు. పక్క విస్తరి మీదికి పోయేవి. పక్క విస్తరి శివలింగానిది.

నింగమాంబ తల్లి మఠంలో జడెప్ప పాతకాపు. నల్లటి జుట్టుతో వచ్చినవాడు ఆ తల్లి నీడలోనే నెరిసిపోయాడు. శివలింగం నిన్నగాక మొన్న ఆదోని వైపు నుంచి వచ్చాడు. అయినా అమ్మ పొద్దున్నే అతన్నే ఎదురుగా కూర్చోబెట్టుకునేది. తత్వాలు విప్పి చెప్పేది, శ్వాస నిలపడం నేర్పేది. జడెప్పకు మాత్రం వచ్చిన కొత్తలో ఒక్క నామం ఇచ్చి, "ఇది చాలు నాయనా" అంది. అంతే. ఆ "చాలు" అతని గొంతులో ముల్లులా ఉండిపోయింది.

ఉండబట్టలేక ఒకసారి అడిగేశాడు.

"అమ్మా, శివలింగానికి చెప్పేది నాకెప్పుడు చెప్తావు?"

"నీకిచ్చింది సరిపోలేదా?"

"సరిపోయింది గానీ..."

"మరి?"

జడెప్ప లేచి గొర్రెల దొడ్డికి వెళ్ళిపోయాడు.

మఠానికి భక్తులు ఇచ్చిన ఆవులూ ఉన్నాయి, గొర్రెలూ ఉన్నాయి. ఆవుల పని శివలింగానిది, గొర్రెల పని జడెప్పది. ఆవుల దాణాలో కలపడానికి పట్నం నుంచి ఖనిజ లవణాల పొడి సంచి వచ్చేది. అమ్మ తన చేత్తోనే కొలిచి కలిపించేది. గొర్రెలకేమో పచ్చిక, వేరుశనగ కాయలు వొలిచాక మిగిలే శనక్కట్టె, నాకడానికి ఒక ఉప్పుగల్లు. నా గొర్రెలు కూడా నాలాగే అయిపోయాయని కుమిలిపోయాడు జడెప్ప.

అయ్యలారా, మనసు చేసే పని చూడండి. ఆ సంచి మీద "గొర్రెలకు పెట్టరాదు" అని పెద్దక్షరాల్లో అచ్చు వేసి ఉంది. జడెప్పకు చదువొచ్చు. చదివాడు. చదివి, "చూడు, కంపెనీవాడు కూడా వాని పక్కే" అనుకున్నాడు.

నవ్వుకోండి, నవ్వుకోండి. మనకు కిట్టనివాడి ఇంటి వైపు చూసేటప్పుడు మనమూ అంతే చదువుతాం.

ఆనాటి నుంచి శివలింగం పాలు పితికే వేళ చూసి, సంచిలోంచి గుప్పెడు తెచ్చి గొర్రెల తొట్టిలో కలపడం మొదలుపెట్టాడు. గొర్రెలకేమీ కాలేదు. పైగా నిగనిగలాడుతున్నాయని అతనికి తోచింది. గంగి అని ఒక గొర్రె ఎప్పుడూ అతని కాళ్ళకు అడ్డం పడుతూ తిరిగేది. దాని మెడ నిమిరి, "వాని ఆవులకంటే నువ్వేం తక్కువే? నీకూ పెడ్తాండా కదా" అనేవాడు.

కొన్నాళ్ళు అట్లాగే నడిచింది. ఎండలు పోయి వానలొచ్చాయి. ఒకనాడు మేతలో ఉండగా గాలివాన విరుచుకుపడింది. మంద తడిసి, బెదిరి, చెల్లాచెదురుగా పరుగెత్తి మఠం చేరింది. మర్నాడు పొద్దున గంగి లేవలేదు. దాని మూత్రం డికాషన్ రంగులో పడింది.

పశువుల డాక్టరు వచ్చాడు. గంగి కింది రెప్పను బొటనవేలితో లాగి చూపించాడు. లోపల పసుపు పూసినట్టుంది.

"ఆవుల పొడి పెట్టినారా దీనికి?"

జడెప్ప గంగి మెడ నిమురుతూ ఉండిపోయాడు.

"దాంట్లో రాగి ఉంటుంది. ఆవుకు అది కావాల్సిందే, ఎక్కువైతే బయటికి పంపేస్తుంది. గొర్రెకు అంత శక్తి లేదు. కాలేయంలో దాచుకుంటా పోతుంది. నెలలు గడిచినా పైకి ఏమీ కనపడదు, కళకళలాడ్తానే ఉంటుంది. ఒకరోజు ఏదో బెదురు తగుల్తుంది. అంతే, దాచిందంతా ఒక్కసారిగా రక్తంలో పడుతుంది." డాక్టరు లేచి చేతులు తుడుచుకున్నాడు. "ఇది దక్కదు. పొడి ఆపి, మందు తాపితే మిగిలినవి దక్కొచ్చు. ఎవరు పెట్టింది?"

శివలింగం ముందుకొచ్చాడు. "సంచి మూతి కట్టకుండా వదిలేసినా సార్. గొర్రెలొచ్చి తినింటాయి. తప్పు నాదే."

జడెప్పకు ఒళ్ళు భగ్గుమంది. అమ్మ ముందర ఈ మంచిపేరు కూడా వీడే కొట్టేస్తాడా?

"కాదు. పెట్టింది నేను," అన్నాడు. "ఇది కూడా నీకే కావల్నా?"

అన్నాక, తను అన్న మాట తనకే వినపడింది. మెడ వంగిపోయింది.

డాక్టరు మిగిలిన గొర్రెల వైపు నడిచాడు. శివలింగం అతని మందుల పెట్టె మోసుకుంటూ వెనకాలే పోయాడు. జడెప్ప గంగి తల ఒడిలో పెట్టుకుని నేల మీదే కూర్చుండిపోయాడు. అమ్మ మెల్లగా వచ్చి ఎదురుగా కూర్చుంది.

"నన్ను పొమ్మంటావా అమ్మా?"

అమ్మ అతని గడ్డం పట్టి ముఖాన్ని వెలుగు వైపు తిప్పింది. బొటనవేలితో కింది రెప్పను కిందికి లాగి చూసింది. రెండో కన్నూ చూసింది.

"ఇంకా కంటికెక్కలేదు," అంది. "లోపల దాచుకున్నదాన్ని మేపడం మానెయ్ నాయనా."