ఆరని తలుపు

పిల్లలూ, మీరు ఈ కథ విని ఉండరు. మీరు పెరిగిన చోట ఇనప బీరువాలు చేసే షెడ్లు లేవు. ఉన్నా, ఆ రంగు వాసనకి మిమ్మల్ని గుమ్మం దాకా కూడా పోనిచ్చేదాన్ని కాదేమో. అందుకని విన్నది విన్నట్టు చెబుతాను.

నరసరావుపేటలో జిలానీ మేస్త్రీ అని, బీరువాలకి గన్నుతో రంగు కొట్టే ఆయన ఉండేవాడు. ఎవరేం అడిగినా జవాబు చెప్పే అలవాటు ఆయనకి లేదు. ఏదో ఒక పని చేతికిచ్చేవాడు. ఆ పనికీ తాము అడిగినదానికీ సంబంధమేమిటో అడిగినవాళ్లే తేల్చుకోవాలి. కొందరు తేల్చుకునేవారు, కొందరు విసుగెత్తి వెళ్లిపోయేవారు. గురవయ్య మాత్రం తేల్చుకోనూ లేదు, వెళ్లనూ లేదు.

మేస్త్రీ కంటే గురవయ్య నాలుగేళ్లు పెద్దవాడు. ఇరవై రెండేళ్లు కుంచెతో దుకాణాల బోర్డులు రాశాడు. ఫ్లెక్సీలు వచ్చాక కిళ్లీకొట్టువాడు కూడా పిలవడం మానేశాడు. నలభై ఆరో ఏట కుంచెలన్నీ కడిగి అటకమీద పెట్టి, గన్ను నేర్చుకోవడానికి ఈ షెడ్డుకి వచ్చాడు. మేస్త్రీ చూపించినవన్నీ తు.చ. తప్పకుండా చేసేవాడు. గన్ను రేకుకి జానెడు దూరంలో పట్టేవాడు. మణికట్టు వంచకుండా చెయ్యి మొత్తం జరిపేవాడు. చెయ్యి కదిలాకే మీట నొక్కేవాడు, అంచు దాటాకే వదిలేవాడు. ప్రతి వరసా పైవరస మీద సగం పడేట్టు కొట్టేవాడు. అయినా బీరువా తలుపు మీద రంగు చారలు చారలుగా కారిపోయేది. అలా మూడు తలుపులు పాడయ్యాయి. ఆ మూడింటినీ గరుకు కాగితంతో రుద్ది మళ్లీ మొదటికి తెచ్చింది షెడ్డులో రేకులు రుద్దే కోటమ్మ. ప్రతిసారీ, "నా చేతికి పని తక్కువైందని ఇస్తున్నావా మావా" అనేది.

షెడ్డు యజమాని బసివిరెడ్డి మంచివాడే గానీ ఓపిక ఒక హద్దు దాకానే. నాలుగో తలుపు కూడా కారితే గన్ను మళ్లీ ముట్టుకోవద్దనీ, కోటమ్మ పక్కన కూర్చుని రేకులు రుద్దుకోవడమేననీ చెప్పేశాడు. సాయంత్రం తనే వచ్చి చూస్తానన్నాడు.

ఆ పొద్దున గురవయ్య వచ్చి మేస్త్రీ ముందు నిలబడ్డాడు. బోర్డు రాసే రోజుల్లో అక్షరం రవ్వంత పక్కకి పోతే తడి ఆరకముందే గుడ్డతో తుడిచి దిద్దేవాడు. అదే అతని పనితనం, దానికే పేరొచ్చింది. ఇక్కడ కూడా పలచన కనబడిన చోట వెంటనే ఇంకాస్త కొడుతున్నాడు. మరి అక్కడే ఎందుకు కారుతోందో అతనికి అంతుపట్టలేదు.

"తప్పు కళ్లెదురుగా కనబడుతుంటే దిద్దకుండా ఎట్లా ఉండేది మేస్త్రీ గారూ?" అని అడిగాడు.

మేస్త్రీ గన్నులో రంగు తీసేసి నీళ్లు నింపాడు. ఒక నల్లరేకు బయట ఎండలో ఆనించి, దాన్ని తడపమన్నాడు. రేకంతా ఒక్కసారే ఆరేట్టు తడపాలి, అంతే పని.

గురవయ్య తడిపాడు. ఎడమ మూల ముందు ఆరింది. అక్కడ ఇంకాస్త కొట్టాడు. అంతలో నడిమధ్య ఆరింది. అక్కడా కొట్టాడు. ఈసారి ఎడమ మూల ఎంతకీ ఆరదు, కింద నీళ్లు కారిపోతున్నాయి. మళ్లీ తుడిచి మొదలుపెట్టాడు. మధ్యాహ్నానికి అతను తడిసిపోయాడు గానీ రేకు మాట వినలేదు. కోటమ్మ అటు వెళ్తూ, ఏం మొలకెత్తిందని అడిగింది. అతను మళ్లీ గుడ్డ అందుకున్నాడు.

చివరికి నోరెండిపోయి, పైనుంచి కిందికి ఒక్కసారి కొట్టి, గన్ను పక్కన పెట్టి కుండ దగ్గరికి వెళ్లాడు. రెండు గ్లాసుల నీళ్లు తాగి వచ్చేసరికి రేకంతా పొడిగా ఉంది. ఒక్కసారే ఆరిందో, ముక్కలు ముక్కలుగా ఆరిందో తను చూడలేదు. ఆ సంగతి దాచకుండా మేస్త్రీకి చెప్పాడు. మేస్త్రీ తల ఊపి, గన్నులో బూడిదరంగు నింపి, తలుపు వైపు చూపించాడు.

గురవయ్య కొట్టాడు. కారలేదు. తలుపు నున్నగా తడితడిగా మెరిసింది. అయితే గొళ్లెం పక్కన అరచేయంత మేర కొంచెం పలచగా ఉన్నట్టనిపించింది. నిజంగా ఉందా, తన కళ్లకి అలా ఉందా? చెయ్యి దానంతటదే లేవబోయింది. రెండు చేతులూ చంకల్లో పెట్టుకుని నిలబడ్డాడు. సరిగ్గా అప్పుడే ఎక్కణ్ణించో ఒక పురుగు వచ్చి తలుపు నట్టనడుమ వాలి, రంగులో అతుక్కుపోయింది.

బయట బసివిరెడ్డి మోటారు సైకిలు ఆగిన చప్పుడైంది. గురవయ్య గోరు ముందుకు సాగింది.

"ఇప్పుడు తీస్తే పురుగు పోద్ది అన్నా, నీ వేలి గుర్తు ఉండిపోద్ది" అన్నాడు మేస్త్రీ.

గోరు వెనక్కి వచ్చింది. బసివిరెడ్డి తలుపు ముందు చాలాసేపు నిలబడ్డాడు. పక్కనుంచి వంగి చూశాడు. పురుగు పడిందన్నాడు. రేపు రుద్ది పైన ఇంకో పూత వేసేటప్పుడు పోతుందిలే అని తనే అనుకుని, మిగతా తలుపులు కూడా గురవయ్యకే ఇమ్మని చెప్పి వెళ్లిపోయాడు.

పని నిలబడింది గానీ గురవయ్య మనసు నిలబడలేదు. నీళ్లతో నేర్చుకున్నదేమిటి, పురుగుతో నేర్చుకున్నదేమిటి, అసలు ఏమైనా నేర్చుకున్నాడా? గొళ్లెం పక్కన పలచన అలాగే ఉందేమోనని ఇంకా అటే చూస్తూ, దాని సంగతేమిటని అడిగాడు.

మేస్త్రీ కంప్రెసరు ఆపాడు. "ఆరనియ్యి అన్నా. ఆరినాక కూడా తప్పులాగే కనబడితే, అప్పుడడుగు."

మర్నాడు అతను అడిగాడో లేదో నాకు ఎవరూ చెప్పలేదు. మీరు కూడా ఇక్కడిదాకానే, మీ తరవాతి వాళ్లకి చెప్పండి.