చెంగావి కాలి ఎముక ఒక్కసారే చెప్పింది

ఒకప్పుడు ఎముకలకి నోరుండేది. నవ్వకండి, నిజమే చెబుతున్నాను. దున్నపోతు ఎముకలు, కుందేలు ఎముకలు, గుర్రం ఎముకలు, అన్నీ మాట్లాడేవి.

పగలంతా నడిచి, దూకి, పరుగెత్తిన జంతువులు సాయంత్రం కాగానే మైదానంలో కాళ్లు మడుచుకుని పడుకునేవి. అప్పుడు ఎముకలు ఆ రోజు సంగతులు చెప్పేవి.

"ఇక్కడ సన్నగా బీట వేసింది. సున్నం పూశాను. ఆరేదాకా పరుగులు పెట్టకు," అనేది ఎముక.

"సరే," అనేది జంతువు. పూత ఆరేది. ఎముక మునుపటికంటే గట్టిపడేది. గోడకి సున్నం పూయగానే మీరు చెయ్యి పెడితే అమ్మ ఊరుకుంటుందా? ఇదీ అంతే.

కానీ ఎముకలతో ఒక చిక్కుంది. అవి గొంతు పెంచేవి కావు. గొణిగినట్టు చెప్పేవి. అదీ ఒక్కసారే. ఇంకోసారి అడిగితే పలికేవి కావు. అదేం పద్ధతో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

ఆ మైదానంలో చెంగావి అనే ఎర్రటి ఆడగుర్రం ఉండేది. దానికొక కూతురు, ఇంకా పాలు తాగే పిల్ల. ఆ ఏడాది గాలికి ఏం బుద్ధి పుట్టిందో, వానమబ్బులన్నిటినీ తోలుకుపోయి కొండ వెనక దాచేసింది. చుక్క వాన లేదు. గడ్డి ఎండి గరగరలాడింది. చెంగావికి పాలు తగ్గిపోయాయి. జంతువులన్నీ వెళ్లి గాలిని బతిమాలాయి.

"ఎవరైనా నన్ను పరుగులో దాటండి. మబ్బుల్ని వదిలేస్తాను," అంది గాలి. దానికి అదంతా ఆట.

గాలిని దాటే కాళ్లు ఇంకెవరికున్నాయి? అందరూ చెంగావి వైపు తిరిగారు.

మొదటి రోజు చెంగావి పరుగెత్తింది. పది బారల తేడాతో ఓడిపోయింది. ఆ సాయంత్రం దాని కుడి ముంగాలి ఎముక గొణిగింది. "బీట వేసింది. సున్నం పూశాను. మూడు రోజులు పరుగెత్తకు."

"నొప్పి లేదే?" అంది చెంగావి.

ఎముక పలకలేదు. చెప్పాల్సింది చెప్పేసింది కదా!

చెంగావికి ఏమీ పాలుపోలేదు. పక్కన పడుకున్న దున్నపోతును అడిగింది. "గంగులు మావా, నొప్పి లేకుండా బీట ఉంటుందా?"

"ఏమోనే పిల్లా. నేనెప్పుడు పరిగెత్తాను గనకా! ఎముక పడుకోమంటే పడుకుంటాను, అంతే," అన్నాడు గంగులు.

చెంగావి పడుకుందామనే అనుకుంది. కానీ తెల్లారేసరికి కుందేలు పరుగున వచ్చింది. "వదినా, పది బారలే తేడా! ఇవాళ నువ్వే గెలుస్తావు. నా పిల్లలు పచ్చగడ్డి మొహం చూసి పది రోజులైంది."

"మూడు రోజులు ఆగమంది ఎముక."

"నొప్పి ఉందా?"

"లేదు."

"మరింకేం?"

"అదే నాకూ తెలియడం లేదు," అంది చెంగావి.

పరుగెత్తింది. అయిదు బారల తేడాతో ఓడిపోయింది. సాయంత్రం ఎముక మాట కోసం చెవులు రిక్కించింది. ఏమీ వినపడలేదు. నయమైపోయిందా? అలిగిందా? ఎవర్ని అడగాలి?

"పలకలేదంటే తగ్గిపోయినట్టే," అంది కుందేలు.

"పలకలేదంటే కోపం వచ్చినట్టు," అన్నాడు గంగులు.

మూడో రోజు జంతువులన్నీ వరస కట్టి నిలబడి, "చెంగావీ! చెంగావీ!" అని కేకలు పెట్టాయి. ఆ కేకలు వింటే దానికి ఒళ్లంతా తేలికైపోయింది. గంగులు కూడా అరిచాడు. చెంగావి పరుగెత్తింది. గాలి పక్కకి వచ్చింది, గాలిని దాటింది, మూడు బారలు ముందుకి పోయింది.

ఫెళ్లుమని చప్పుడైంది.

అందరూ అది ఉరుమనుకున్నారు. అది చెంగావి కుడి ముంగాలు.

గాలి మాట తప్పలేదు. మబ్బులు వచ్చాయి, వాన కురిసింది. వానలో మూడు కాళ్ల మీద నిలబడి చెంగావి చుట్టూ చూసింది. "ఇవాళ సరిగ్గానే అడుగు వేశాను కదా! ఎందుకు విరిగింది?" అంది.

మొదటిసారిగా ఎముక రెండోమాట మాట్లాడింది. "ఇవాళ విరగలేదమ్మా. మొదటి రోజు నుంచీ విరుగుతూనే ఉంది."

పూత ఆరాలంటే పడుకోవాలి. రోజుల తరబడి పడుకుంటే తన ఒంటి బరువు కిందే నలిగిపోయి ఊపిరాడలేదు. లేచి నిలబడితే మిగిలిన మూడు కాళ్లలోనూ బీటలు మొదలయ్యాయి. "పడుకో," అంది కుందేలు. "వద్దు, నిలబడు," అన్నాడు గంగులు. చెంగావి పడుకుంది, లేచింది, మళ్లీ పడుకుంది. ఏది సరైనదో దానికి తెలియలేదు. తెలిసినవాళ్లెవరూ అక్కడ లేరు. పచ్చగడ్డి మొలిచే వేళకి చెంగావి చనిపోయింది.

దాని కూతురు తల్లి పక్కనే నిలబడి అడిగింది. "మా అమ్మ ఎందుకు పోయింది?"

"నేను ఆట అనుకున్నాను," అంది గాలి.

"మేం ఆకలితో అడిగాం," అంది కుందేలు.

"ఎముక ఆగమందని తెలిసీ అరిచాను," అన్నాడు గంగులు. తల దించుకున్నాడు.

"నేను ముందే చెప్పాను," అంది ఎముక.

పిల్ల ఎముక వైపు తిరిగింది. "ఒక్కసారే ఎందుకు చెప్పావు? అందరూ అంత గట్టిగా అరిచారే, నువ్వెందుకు అరవలేదు?"

ఎముకకి సిగ్గేసింది. ఆ సిగ్గుతో గుర్రాల ఎముకలన్నీ నోరు మూసేసుకున్నాయి. అది చూసి బెదిరి మిగతా జంతువుల ఎముకలు కూడా మాట మానేశాయి.

అప్పటినుంచే గుర్రం నిలబడి నిద్రపోతుంది. ఒక కాలు కాస్త వంచి, తేలిగ్గా ఆనించి, "నీకెలా ఉంది?" అని అడుగుతుంది. తరవాత ఇంకో కాలిని అడుగుతుంది. ఏదీ పలకదు. తెల్లారేసరికి ఎవరో దాన్ని పేరు పెట్టి కేక వేస్తారు. దానికి వినపడేది ఆ కేకే. పరుగెత్తుతుంది.