చెయ్యెత్తిన అప్పలనరసమ్మ

సన్యాసయ్య మాస్టారి అలవాటు పలాసలో అందరికీ ఎరుకే. ప్రశ్న అడిగితే జవాబు చెప్పరు, చెప్పులు వెతుక్కుంటారు. శిష్యుడు జోగారావు విశాఖపట్నంలో లెక్కల లెక్చరరు. పదో తరగతి లెక్కలన్నీ పాఠాలుగా చేసి, ఎవరైనా ఉచితంగా చూసుకునేలా ఆన్‌లైన్లో పెట్టాడు. వేలమంది చేరారు. ఆ సంబరంలో వచ్చి, కాళ్లకు దణ్ణం పెట్టి అడిగాడు: "ఇహ ఉన్నవాడికీ లేనివాడికీ చదువు ఒకటే అయినట్టే కదా మాస్టారూ?"

మాస్టారు చెప్పులు వేసుకున్నారు.

తీసుకెళ్లింది జీడిపిక్కల షెడ్డుకి. గుమ్మంలోనే జోగారావుకి తన గొంతు తనకే వినిపించింది. ఫోనులో అతని పాఠం పెట్టుకుని, గుమ్మానికి వీపు చేసి పిక్కలు కోస్తున్నావిడ అప్పలనరసమ్మ. పది పాసైతే అంగన్‌వాడీ పనికి దరఖాస్తు పెట్టుకోవచ్చని ఆవిడ ఆశ; లెక్కలు రెండుసార్లు తప్పింది. చేతులనిండా పిక్కల తొక్క నుంచి కారే జీడి జిగురు, ఫోను ముట్టుకునే వీల్లేదు. పొద్దున్నే ఎవరిచేతనో పెట్టించుకుంటుంది. ఇక పాఠాన్ని ఆపడం లేదు, వెనక్కి తిప్పడం లేదు.

"సందేహాలున్నాయా?" అన్నాడు ఫోనులో జోగారావు. షెడ్డులో ఆడవాళ్లంతా ఠక్కున పని ఆపేశారు. మొదట్లో నవ్వేవారనీ, నాలుగు నెలలుగా ఆవిడ ఇదే పాఠం దగ్గర ఆగిపోవడం చూసి, ఇప్పుడు ఆవిడ అడిగేందుకు చప్పుడు ఆపుతున్నారనీ మాస్టారు చెవిలో చెప్పారు.

అప్పలనరసమ్మ నల్లబడ్డ చెయ్యి పైకెత్తింది. "ఉంది సార్. మైనస్సుని మైనస్సుతో హెచ్చేస్తే ప్లస్సెలాగవుతాది?"

"లేవన్నమాట. మంచిది," అంటూ ఫోను ముందుకు సాగింది. ఆవిడ చెయ్యి దించి ఇంకో పిక్క అందుకుంది.

జోగారావు సిగ్గుతో చితికిపోయాడు. ఈ తల్లి ఇన్నాళ్లూ ఎవరు వింటారని ఎత్తింది ఆ చెయ్యి? నిలబడ్డచోటి నుంచే అన్నాడు: "బస్తాలోంచి రోజూ రెండేసి కిలోలు తీస్తున్నారనుకోండమ్మా. తీయడం ఒక మైనస్సు. రోజుల్లో వెనక్కెళ్లడం ఇంకో మైనస్సు. మూడు రోజుల కిందట ఇవాళ్టికన్నా ఎంత ఎక్కువుండేది?"

"ఆరు," అందావిడ. అని, ఆనందం పట్టలేక అమాంతం ఫోను మీదికి వంగిపోయింది. ఇన్నాళ్లకి అది పలికిందనుకుంది పాపం.

మాస్టారు శిష్యుడి భుజం మీద చెయ్యి వేశారు.

"నీ గొంతు ఇక్కడికి ఎప్పుడో వచ్చింది నాయనా. చెవి ఇవాళ వచ్చింది."