గుండుతో తేలిన లెక్క

ఒకప్పుడు ఒక రాజుగారి పరిశోధన సభలో కుంతలశర్మ అనే పండితుడు తన పొడుగాటి జుట్టు నిమురుకుంటూ పెద్ద లెక్క వేసి చూపించాడు.

"ప్రభూ, తలమీది వెంట్రుకలే మెదడుకు ఆలోచనలు పంపుతాయి. బట్టతలకు బుద్ధి సున్నా. అలాంటివాళ్లను కొలువులోంచి తీసేయండి."

సభలో దీపాలు వెలిగించే సన్యాసయ్యది నున్నటి బట్టతల. అతను చేతులు జోడించాడు.

"కొత్త సిద్ధాంతాన్ని ముందు చెప్పినవారి మీదే పరీక్షించడం మన సభ ఆచారం కదా ప్రభూ. శర్మగారికి గుండు చేయించండి. ఆయన లెక్క మరిచిపోతే నేను వెళ్లిపోతాను."

రాజు మంగలిని పిలిపించాడు. గుండు పూర్తికాగానే, తనకు మతి పోలేదని చూపించుకోవడానికి శర్మ లెక్కంతా పొల్లుపోకుండా ఒప్పజెప్పాడు.

"ఇప్పుడు ఎవరిని తీసేయమంటావు సన్యాసయ్యా?" అని రాజు నవ్వాడు.

"ఎవరినీ తీసేయకండి ప్రభూ. బట్టతలకీ బుద్ధి ఉంటుందని శర్మగారే రుజువు చేశారు."