తీసేసిన ‘ఇంచు’

ఏనుగు బొమ్మంటే పడిచచ్చే రాజొకడు ఒకానొక రాజ్యాన్ని ఏలుతుండేవాడు. పేరు కుంజరవర్మ. పళ్ళెం మీద ఏనుగు, పల్లకి మీద ఏనుగు, చివరికి ఆయన చెప్పుల మీదా ఏనుగే.

ఆయన సింగోజు అనే ముసలి మేస్త్రితో కొత్త సభామండపం మొదలుపెట్టించాడు. పని ముగిసే వేళకు వచ్చి, “పైన నిలువెత్తు రాతి ఏనుగును పెట్టు” అన్నాడు.

“ఒప్పందంలో ఏనుగు లేదు దొరా. ఈ నాలుగు స్తంభాలూ దాన్ని మోయలేవు.”

“ఎందుకు మోయవు? నేను మోయమంటున్నానుగా!”

ఏనుగు ఎక్కింది. ఇక శిలాఫలకం. ఆస్థాన లేఖకురాలు ముప్పమ, “ఈ మండపాన్ని కుంజరవర్మ మహారాజు కట్టించెను” అని రాసి చూపించింది. రాజు మొహం చిట్లించాడు.

“మధ్యలో ఆ ‘ఇంచు’ ఎందుకు? ఎవరిచేతనో చేయించుకున్నట్టు! తీసెయ్. ‘కట్టెను’ అంటే ఎంత దర్జాగా ఉంది!”

“చిత్తం” అని తీసేసింది ముప్పమ. కింద రాజముద్ర పడింది.

తొలకరి వానకే మండపం కూలింది. అదృష్టం, ఆ సమయానికి లోపల పిట్ట కూడా లేదు. ఏనుగు మాత్రం తొండం విరిగి బురదలో బోర్లా పడింది.

సరిగ్గా నెల కిందటే మంత్రి పోలన కొత్త చట్టం తెచ్చి ఊరూరా దండోరా వేయించాడు. కట్టడం కూలితే తప్పు కట్టినవాడిదే. వాడు పనిముట్లు అప్పగించి మూడు రోజుల్లో రాజ్యం విడిచిపోవాలి. సంజాయిషీలు చెల్లవు.

సింగోజును సభకు పిలిపించారు. యాభై ఏళ్ళుగా పట్టిన తాపీ చేతిలో ఉంది. దాని పిడి అతని అరచేతి ఆకారానికి అరిగిపోయింది.

“ఏనుగు వద్దని మొత్తుకున్నాను దొరా...”

“సంజాయిషీలు చెల్లవు!” గద్దించాడు మంత్రి. “తాపీ ఇలా పెట్టు.”

ముప్పమ లేచింది. “చట్టం చట్టమే ప్రభూ. కట్టినవాడు పోవాల్సిందే. పల్లకి సిద్ధం చేయించమంటారా?”

“మేస్త్రికి పల్లకేమిటి?” అన్నాడు మంత్రి.

“మేస్త్రికి కాదు మంత్రిగారూ.”

ఇద్దరు భటులు బురద కారుతున్న శిలాఫలకాన్ని తెచ్చి దించారు. “కాస్త చదివి పెట్టండి” అంది ముప్పమ.

మంత్రి గొంతు సవరించుకున్నాడు. “ఈ మండపాన్ని... కుంజరవర్మ మహారాజు...” ఓరకంట రాజును చూశాడు. “...కట్టెను.”

సభలో ఎవరో దగ్గారు.

“పేరులోనే ముప్పున్న మనిషిని కొలువులో పెట్టుకోవద్దని ఆనాడే చెప్పాను” అని గొణిగాడు మంత్రి.

“అది మాటవరసకు రాసిందమ్మా!” అన్నాడు రాజు కంగారుగా. “రాయి పేర్చింది, సున్నం కలిపింది ఇతనేగా!”

“సంజాయిషీలు చెల్లవు ప్రభూ. నిలబడినన్నాళ్ళూ మీరు కట్టారు, కూలగానే అతను కట్టాడా? నాదొక్కటే సందేహం. పనిముట్లు అప్పగించాలి కదా, కిరీటం పనిముట్టు కిందకు వస్తుందా, రాదా? మంత్రిగారు సెలవియ్యాలి.”

మంత్రి కళ్ళు కిరీటం వైపు వెళ్ళాయి. అది రాజు చూడనే చూశాడు.

“ఏమయ్యో! నీ తలకు కొలత తీసుకుంటున్నావా?” అని రాజు పకపకా నవ్వాడు. ఆ నవ్వుకు సభంతా నవ్వింది, సింగోజు తప్ప. అతను తాపీని ఇంకా గుండెకు హత్తుకునే ఉన్నాడు.

“ఉంచుకో మేస్త్రీ, అది నీదే” అన్నాడు రాజు మెత్తబడి. “ముప్పమా, చట్టం మళ్ళీ రాయి. ఒప్పందంలో లేనిది చేయించినవాడే దానికి పూచీ. మేస్త్రి వద్దంటే ఆ మాటా పత్రానికెక్కాలి. కూలితే ముందు పని తెలిసిన ముగ్గురు వచ్చి చూడాలి, ఇరుపక్షాలూ వినాలి. తీర్పు ఆ తర్వాతే.”

మెడలోని ముత్యాలహారం తీసి ఆమెకిచ్చాడు. “ఇంకేం కావాలో కోరుకో.”

“ఆ ‘ఇంచు’ నాకు తిరిగి ఇప్పించండి ప్రభూ.”

మరుసటి వానలకు కొత్త మండపం చెక్కుచెదరలేదు. దాని ఫలకం మీద మూడే ముక్కలున్నాయి:

“కట్టించినవాడు కుంజరవర్మ. కట్టినవాడు సింగోజు. ఏనుగు లేదు.”