తవిటినాయుడి ఢిల్లీ శిక్షణ

తవిటినాయుడికి వారం రోజులుగా అన్నం సయించడం లేదు. రోగం కడుపులో లేదు, ఢిల్లీలో ఉంది.

అతను శాసనసభలో మార్షల్. ఏ శాసనసభ అని అడక్కండి, చెబితే ఒకరికి కోపం, చెప్పకపోతే ఎవరికీ నష్టం లేదు. సభలో గొడవ ముదిరి, ఫలానా సభ్యుడు బయటికి పోవాలని స్పీకర్ ఆదేశించాక, ఆ సభ్యుడు తనంతట తాను కదలకపోతే ఎత్తుకెళ్ళి బయట దింపేవాళ్ళే మార్షల్స్. టీవీలో చూసేవాళ్ళకి అది మొరటు పనే. చేసేవాళ్ళకి మాత్రం అదో విద్య.

ఆ సభ సిబ్బందిలో ఏటా ఒక మార్షల్‌ని ఢిల్లీకి శిక్షణకి పంపేవారు. వెళ్ళొచ్చినవాడికి హోదా పెరుగుతుంది, తోటివాళ్ళకి పని నేర్పే అధికారం వస్తుంది. ఎవరు వెళ్ళాలో చెప్పేది చీఫ్ మార్షల్ జిలానీ సాహెబు. ఆయన్ని అందరూ ఉస్తాదు గారనే పిలుస్తారు. ఆ ఏడాదితో ఆయన రిటైరవుతున్నారు. కాబట్టి ఈసారి ఢిల్లీ వెళ్ళొచ్చినవాడే రేపటి ఉస్తాదు. ఆ సంగతి తవిటినాయుడికి తెలుసు. ఉస్తాదు గారు ఇంకా ఎవరి పేరూ పంపలేదని కూడా తెలుసు.

ఉస్తాదు గారి చదువుకి పుస్తకం లేదు. సభ లేని రోజుల్లో మార్షల్స్‌చేత ఒకర్నొకర్ని మోయించేవారు. చంకల కింద చెయ్యి ఎక్కడ పడాలి, మోకాళ్ళ వెనక పట్టు ఎంత ఉండాలి, పంచె జారకుండా అంచు ఎలా ఒడిసి పట్టాలి, అన్నీ చేసి చూపించేవారు. "సభ్యుడు లోపల ఎంత పరువుగా ఉన్నారో బయట దింపినప్పుడూ అంతే పరువుగా ఉండాలి. మనమీద ఆయన తిట్లు పడితే పడనీ, ఆయన మీద మన గోరు పడకూడదు" అనేవారు.

ఈ విద్యలో తవిటినాయుడు అందరికంటే ముందున్నాడు. మంచి ఒడ్డూ పొడుగూ ఉన్న మనిషి. నలుగురు కలిసి మోసే మనిషిని ఇద్దరితో మోయించి చూపించేవాడు. పొగరు లేకపోలేదు. ఉన్నవాడికి కాకపోతే లేనివాడికి ఉంటుందా?

ఆ వారంలోనే వరహాలయ్య మాస్టారి గొడవ వచ్చింది.

వరహాలయ్య మాస్టారు ఏటి మధ్య లంక ఊళ్ళ నుంచి గెలిచిన సభ్యుడు. బడిపంతులుగా చేసి, రాజకీయాల్లోకి వచ్చిన మనిషి. బక్కపలచటి ఒళ్ళు, గట్టిగా గాలి వీస్తే పక్కవాళ్ళు పట్టుకోవాలి. ఆ లంకలకి వంతెన కావాలని ఆయన గెలిచినప్పటినుంచీ అడుగుతూనే ఉన్నారు. వంతెన రాలేదు. వరద వచ్చింది. బడికెళ్ళే పిల్లల పడవ తిరగబడింది.

మాస్టారు లేచి మాట్లాడతానన్నారు. రేపు చూద్దామన్నారు స్పీకర్. మాస్టారు వినకుండా పోడియం ముందుకొచ్చి నిలబడ్డారు. తిట్టలేదు, కాగితాలు చింపలేదు. పోయిన పిల్లల పేర్లు చదవడం మొదలుపెట్టారు. చేతిలో కాగితమైనా లేదు. బళ్ళో హాజరు పిలిచినట్టు పేరు, తరగతి, ఒక్క క్షణం ఆగడం. మళ్ళీ పేరు, తరగతి.

మైకు ఆగిపోయింది. అటువాళ్ళు అరిచారు, ఇటువాళ్ళు అరిచారు. ఆ కేకల్లో మాస్టారి గొంతు పక్కన నిలబడ్డవాళ్ళకి తప్ప ఎవరికీ వినపడలేదు. చివరికి స్పీకర్ ఆయన్ని ఆ రోజుకి సస్పెండ్ చేసి, మార్షల్స్ వైపు చూశారు.

నలుగురు కదిలారు. తవిటినాయుడు మిగతా ముగ్గుర్నీ కళ్ళతోనే ఆపేశాడు. ఒక్కడే వెళ్ళి, పసిబిడ్డని ఉయ్యాల్లోంచి తీసినంత సుతారంగా మాస్టారిని రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. పంచె మడత చెదరలేదు, కండువా జారలేదు. ఉస్తాదు గారు తలుపుదాకా పక్కనే నడిచి, ఆనవాయితీ ప్రకారం లోపలే ఆగిపోయారు. తవిటినాయుడు వసారా దాటి, మెట్ల మీద మాస్టారిని నిలబెట్టి, కండువా సర్ది, సెల్యూట్ కొట్టి వెనక్కి వచ్చాడు. మాస్టారి పెదవులు అప్పటికింకా కదులుతూనే ఉన్నాయి.

"ఒరే, పెళ్ళికొడుకుని పల్లకీ ఎక్కించినట్టు తీసుకెళ్ళావు కదరా!" అన్నారు తోటివాళ్ళు, వీపు తట్టి. తవిటినాయుడి కడుపు ఆ మాటలతోనే నిండిపోయింది. ఇంక ఢిల్లీకి అడ్డేముంది?

సాయంత్రం సభ వాయిదా పడింది. సభ్యులు వెళ్ళిపోయాక హాలంతా ఒకసారి తిరిగి చూడటం ఉస్తాదు గారి అలవాటు. ఎవరైనా మరిచిపోయిన కళ్ళజోడో, మందుబిళ్ళలో దొరికితే తీసి పెట్టేవారు. తవిటినాయుడు వెనకే వెళ్ళి నిలబడ్డాడు.

"ఉస్తాదు గారూ, ఢిల్లీకి పేరు ఇంకా పంపలేదంట కదండీ?"

"లేదు."

"నా పనిలో ఏటైనా లోటుందేటండీ? ఉంటే చెప్పండి, దిద్దుకుంటాను."

"ఎత్తడంలో నిన్ను మించినవాడు లేడు బేటా. పొద్దున చూశాను. నా చేతులతో నేను కూడా అంత బాగా ఎప్పుడూ ఎత్తలేదు."

తవిటినాయుడి ముఖం వెలిగింది. ఉస్తాదు గారి ముఖం వెలగలేదు.

"మాస్టారు నీ చేతుల్లో ఉన్నప్పుడు ఏమన్నారు?" అని అడిగారు.

"ఏటో పేర్లండి."

"ఏ పేర్లు?"

"వినలేదండి. పట్టు జారకుండా చూసుకుంటన్నాను కదా." తవిటినాయుడు నవ్వాడు. "అయినా కందకి లేని దురద కత్తిపీటకెందుకండీ? అంత సభే పట్టించుకోలేదు, మోసేవోళ్ళం మనకేటి?"

ఉస్తాదు గారు కోప్పడలేదు. కోప్పడితే బాగుండేదని తవిటినాయుడు తర్వాత చాలాసార్లు అనుకున్నాడు. ఆయన మెల్లగా నడిచి వెళ్ళి, పొద్దున మాస్టారు నిలబడ్డ చోటే, పోడియం ముందు నిలబడ్డారు. టోపీ తీసి చంకలో పెట్టుకున్నారు.

"నన్ను ఎత్తు."

"ఉస్తాదు గారూ!"

"పొద్దున ఎలా ఎత్తావో అలాగే. అంతే నడక, అదే తోవ."

గురువుని ఎత్తడమంటే తవిటినాయుడికి చేతులు రాలేదు. కానీ ఆ మాట పాఠం చెప్పేటప్పటి మాటలాగే ఉంది. ఒంగి, చంకల కిందా మోకాళ్ళ వెనకా చేతులు వేసి లేపాడు. ఇంతటి మనిషి ఇంత తేలికా అని మనసులో కలుక్కుమంది.

మొదటి అడుగు వేశాడు.

"గుబ్బల దుర్గాభవాని, ఆరో తరగతి" అన్నారు ఉస్తాదు గారు.

గొంతు సరిగ్గా చెవి పక్కనే ఉంది. ఎత్తినవాడి చెవి, ఎత్తబడినవాడి నోరు అంత దగ్గరగా ఉంటాయని తవిటినాయుడు ఏనాడూ గమనించలేదు. ఊపిరి కూడా తగులుతోంది.

"పెచ్చెట్టి వీరబాబు, ఏడో తరగతి."

ఉస్తాదు గారు ఒక్క క్షణం ఆగారు. ఖాళీ హాల్లో ఆ ఆగడం పెద్దగా వినిపించింది. ఏ పిల్లాడో లేచి 'హాజరండీ' అనాల్సినంత సేపు.

"నేల రత్నకుమారి, ఏడో తరగతి."

తవిటినాయుడి అడుగు తడబడింది. పొద్దున తడబడలేదు.

"ఓలేటి ఏసుపాదం, తొమ్మిది. ఓలేటి మరియమ్మ, నాలుగు." ఉస్తాదు గారు మధ్యలో ఆగలేదు. "అన్నా చెల్లెళ్ళు కాబోలు. మాస్టారు ఆ రెండు పేర్లూ కలిపే చెప్పారు."

బరువు పెరగలేదు. అయినా తవిటినాయుడు పట్టు మార్చి పట్టుకున్నాడు. తన చేతుల్లో ఒక మనిషి ఇన్ని పేర్లు చెప్పాడు. తను పంచె అంచు చూసుకున్నాడు. అది తలుచుకుంటే సిగ్గు కాదు, దుఃఖం వచ్చింది. వద్దనుకున్నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి, తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు.

ఇంకా కొన్ని పేర్లు వచ్చాయి. వచ్చిన ప్రతి పేరుకీ ఒక తరగతి ఉంది. తలుపు దాటి వసారాలోకి వచ్చేసరికి ఉస్తాదు గారు ఆగిపోయారు.

తవిటినాయుడు ఇంకో పేరు కోసం చెవి ఒగ్గాడు. రాలేదు. వసారా సగం నడిచాడు. రాలేదు.

"ఆపేసేరేటండీ?"

"నాకు తలుపుదాకానే వినిపించాయి బేటా. నేను లోపలే ఆగాను కదా."

తవిటినాయుడు మెట్ల దగ్గర నిలబడిపోయాడు. పొద్దున సెల్యూట్ కొట్టింది అక్కడే.

"మాస్టారి మనవరాలు కూడా ఆ పడవలోనే ఉందట" అన్నారు ఉస్తాదు గారు, అతని చేతుల్లోంచే. "ఆ ఇంటిపేరుతో లోపల ఏ పేరూ రాలేదు. అందరి పిల్లల్నీ పిలిచాక తన పిల్లని పిలుద్దామని ఆగి ఉంటారు. ఇక్కడికొచ్చాక ఏమన్నా చెప్పారా?"

మాస్టారి పెదవులు కదలడం తవిటినాయుడి కళ్ళకి కట్టినట్టుంది. తను కండువా సర్దడం గుర్తుంది. మాట ఒక్కటీ లేదు. వెతికాడు, ఎంత వెతికినా లేదు. ఆ పేరు చెప్పినప్పుడు ఈ లోకంలో మాస్టారి దగ్గరున్నది తనొక్కడే.

ముసలాయన్ని దించాలని కూడా తోచక, అలాగే పట్టుకుని నిలబడ్డాడు. చెంపల మీదినుంచి కారినవి ఉస్తాదు గారి చొక్కా మీద పడ్డాయి. ఆయన తుడవలేదు, దించమనలేదు.

తవిటినాయుడు మెట్ల కిందికి చూశాడు.

"మాస్టారి కాడికెళ్ళి ఆ పేరు అడిగొస్తానండీ."

"ఏమని?" అన్నారు ఉస్తాదు గారు.