లోవయ్య వెయ్యని పూత

ఏ కాలం మాటో నాకు తెలీదు. నాకు చెప్పిన మా అమ్మమ్మకీ తెలీదు. గోదారి మీద ఒక్క వంతెన కూడా లేని రోజుల మాట అని మాత్రం అనేది.

అప్పట్లో ఏటి ఒడ్డున ఒక రేవు. ఆ రేవులో లోవయ్య అని ఒక మనిషి. పడవ బల్లల సందుల్లో కొబ్బరి పీచు కుక్కి, నూనెలో గుగ్గిలం కాచి పైన పూత వెయ్యడం అతని పని. పొద్దున్నే పడవ కిందకి దూరేవాడు, పొద్దుగూకాక బయటికొచ్చేవాడు. ఒళ్ళంతా గుగ్గిలం వాసన. పెళ్ళి పంక్తిలో అతని పక్కన కూర్చోడానికి జనం మొహం చిట్లించేవాళ్ళు. అతని భార్య నూకాలు మాత్రం, "ఆ వాసన తగలకపోతే నాకు నిద్దర పట్టదు" అనేది.

రేవులో పడవలన్నీ ఒకే కంపెనీవి. ముగ్గురు భాగస్తులు కలిసి పెట్టారు. మొదట ఒక్క పడవ. తర్వాత మూడు. ఆ తర్వాత రేవు నిండా వాళ్ళవే. పెద్ద భాగస్తుడు కోటిలింగం. రెండో అతను పూజలూ జపాలూ చేసే మనిషి. మూడో అతను ఎవరి మాటకీ అడ్డు చెప్పని మనిషి. "మా పడవలో కాలు తడవదు" అని వాళ్ళు ఊరూరా చాటింపు వేయించారు. జనం నమ్మారు. చిన్న పడవలవాళ్ళు ఒక్కొక్కళ్ళే పడవలమ్ముకుని, ఆ కంపెనీలోనే తెడ్లు పట్టారు.

ఒక ఏడు అవతలి ఒడ్డున పెద్ద తీర్థం వచ్చింది. ఉన్న పడవలు చాలవని, ఎప్పుడో ఒడ్డుకి లాగి పడేసిన పెద్ద నావని మళ్ళీ ఏట్లోకి దింపమన్నాడు కోటిలింగం. లోవయ్య కిందకి దూరి చూశాడు. అడుగు బల్లలు మూడు పుచ్చిపోయాయి. బొటనవేలితో నొక్కితే వేలు లోపలికి పోయింది.

లోవయ్య కోటిలింగం ఇంటికెళ్ళాడు.

"బాబూ, నావ అడుగు పుచ్చిపోయింది. బల్లలు తీసి కొత్తవి వెయ్యాలి."

"ఎన్నాళ్ళు పడుతుంది?"

"నెల పడతాది."

"నెలకి తీర్థమే అయిపోతుంది. ఇప్పటికి మందంగా పూత వేసెయ్. మిగతాది తర్వాత చూద్దాం."

లోవయ్య అడిగాడు. "ఆ నావలో మీవోళ్ళని ఎక్కిత్తారా బాబూ?"

కోటిలింగం నవ్వాడు. "మావాళ్ళకి వేరే పడవ ఉందిరా."

లోవయ్య రెండో భాగస్తుడి ఇంటికెళ్ళాడు. ఆయన జపమాల తిప్పుతూ విన్నాడు. "దేవుణ్ణి చూడ్డానికి పోయేవాళ్ళని దేవుడే దాటిస్తాడు. మధ్యలో నువ్వెవడివి?" అన్నాడు.

"ఆ నావలో మీవోళ్ళని ఎక్కిత్తారా బాబూ?"

ఆయన కళ్ళు మూసుకుని జపంలోకి వెళ్ళిపోయాడు.

లోవయ్య మూడో భాగస్తుడి ఇంటికెళ్ళాడు. "వాళ్ళిద్దరూ సరే అన్నాక ఇక నాదేముంది లోవయ్యా?" అన్నాడాయన.

"ఆ నావలో మీవోళ్ళని ఎక్కిత్తారా బాబూ?"

ఆయన తల వంచుకున్నాడు. "మా ఆవిడకి నీళ్ళంటే భయం" అన్నాడు.

లోవయ్య రేవుకొచ్చి పొయ్యి మీంచి గుగ్గిలం కుండ దింపేశాడు. పుచ్చిన చెక్కకి పూత వెయ్యనన్నాడు. కంపెనీ అతన్ని పనిలోంచి తీసేసింది. ఎక్కడో దూరపు ఊరి నుంచి ఇంకో మనిషిని పిలిపించి పూత వేయించింది. నావ నల్లగా నిగనిగలాడింది. పసుపు రాసి, బొట్లు పెట్టి, పూలదండ వేసి ఏట్లోకి దింపారు.

తీర్థం రోజున లోవయ్య రేవులో నిలబడి వచ్చినవాళ్ళందరికీ చెప్పాడు. "అది ఎక్కకండి. అడుగు పుచ్చిపోయింది."

"పని పోయిందని కడుపుమంట. పట్టించుకోకండి" అన్నాడు కంపెనీ గుమస్తా. జనం నవ్వారు. ఒక ముసలమ్మ, "పుణ్యానికి పోతుంటే ఆ అపశకునం మాటలేమిటి నాయనా" అని అతన్ని తప్పుకుని వెళ్ళి ఎక్కింది.

మొదటి సారి నావ వెళ్ళొచ్చింది. అడుగు చెమ్మగిల్లింది. రెండో సారి వెళ్ళొచ్చింది. పాదాలు మునిగేంత నీళ్ళు. తెడ్లు వేసేవాళ్ళు చూసి కూడా నోరెత్తలేదు. మూడో సారి జనం కిక్కిరిసి ఎక్కారు. నావ ఎంత కిందకి దిగిందో లోవయ్య ఒడ్డు మీంచి చూశాడు. నూకాలు తనకోసం తెచ్చిన గంజి తప్పేలా అందుకుని, గంజి పారబోసి, నావ వైపు నడిచాడు.

నూకాలు చెయ్యి పట్టుకుంది. "అందరినీ వద్దని నువ్వే ఎక్కుతావేంటి?"

"నీళ్ళు తోడేవోడు ఒక్కడన్నా ఉండాలి కదే."

ఏటి నడుమకి వెళ్ళాక బల్ల ఊడింది. లోవయ్య తోడుతూనే ఉన్నాడు. తోడి లాభం లేదని తెలిశాక తప్పేలా వదిలేసి, చేతికందిన పిల్లల్ని ఒక్కొక్కళ్ళనే తెరచాప కొయ్య మీదకి తోశాడు. బతికి బయటపడ్డవాళ్ళు చెప్పిన మాట ఇది. బతికినవాళ్ళు కొద్దిమందే. మూడో రోజున దిగువ లంక దగ్గర లోవయ్య తేలాడు. నూకాలు అతన్ని వాసన బట్టి గుర్తుపట్టింది.

జమీందారు దివాణం నుంచి విచారణకి ఒక ఉద్యోగి వచ్చాడు. "ఈ రేవులో పూతలు వేసేది ఎవరు?" అని అడిగాడు.

"లోవయ్య" అన్నాడు కోటిలింగం. "వెధవ, పూత సరిగ్గా వెయ్యలేదు. వాడి పాపం వాణ్ణే ముంచింది."

తెడ్లు వేసేవాళ్ళు అక్కడే ఉన్నారు. వాళ్ళకి అంతా తెలుసు. మర్నాడు మళ్ళీ ఆ కంపెనీ తెడ్లే పట్టాలి. అందరూ ఏటి వైపు చూస్తూ నిలబడ్డారు. ఉద్యోగి భోజనం చేసి, తాంబూలం వేసుకుని వెళ్ళిపోయాడు.

పెద్దకర్మ రోజున కంపెనీ ఊరందరికీ అన్నం పెట్టింది. మనిషి పోయిన ప్రతి ఇంటికీ బట్టలూ బియ్యమూ ఇచ్చింది. రేవుకి రాతి మెట్లు కట్టిస్తామని చెప్పి, చెప్పినట్టే కట్టించింది. మొదటి మెట్టు మీద ముగ్గురి పేర్లూ చెక్కించారు. ఎంత ధర్మాత్ములో అని జనం చేతులెత్తి దణ్ణం పెట్టారు.

ఆ రోజు నూకాలునీ పిలిచారు. "నీ మొగుడు చేసినదానికి నిన్నేమీ అనం. ఇదిగో చీర" అన్నాడు కోటిలింగం.

నూకాలు చీర అందుకోలేదు. పంక్తిలో అందరికీ వినబడేలా అడిగింది. "ఆ నావలో మీవోళ్ళని ఎక్కించారా బాబూ?"

కోటిలింగం చీర వెనక్కి పెట్టేశాడు. రెండో ఆయన కళ్ళు మూసుకున్నాడు. మూడో ఆయన తల వంచుకున్నాడు. ఎవరో పెద్దమనిషి వచ్చి, "అన్నం దగ్గర గొడవెందుకమ్మా" అని ఆమెని పక్కకి తీసుకెళ్ళాడు. అటు బూరెలు వడ్డిస్తున్నారు. బిడ్డని పోగొట్టుకున్న ఇంటివాళ్ళు కూడా విస్తరి ముందు నుంచి లేవలేదు. ఆకలి మీద ఉన్నారు మరి. వాళ్ళని ఏమనగలం?

ఆ తర్వాత నూకాలు రేవు మెట్ల మీద మరమరాలు అమ్ముకుని బతికింది. పడవ కదలబోయే ముందు ప్రతిసారీ ఒడ్డున ఉన్న గుమస్తాని అడిగేది. "మీవోళ్ళని ఎక్కిత్తారా?" పిచ్చిదన్నారు. పిల్లలు మట్టి విసిరారు. ఆమె మానలేదు. అలా ఏళ్ళు గడిచాక ఒకనాడు చంటిపిల్లని చంకనేసుకున్న ఒక తల్లి పడవలో ఒక కాలు పెట్టి ఆగింది. గుమస్తా వైపు తిరిగి తనూ అదే మాట అడిగింది. ఆమె వెనకవాళ్ళూ ఆగారు. ఆ రోజు పడవ కదల్లేదు. మర్నాడూ కదల్లేదు. మూడోనాడు కంపెనీ పుచ్చిన పడవలన్నీ ఒడ్డుకి లాగి కొత్త బల్లలు వేయించింది. సిగ్గుపడి వేయించలేదు. జనం ఎక్కక వేయించింది.

నూకాలు ఆ మెట్ల మీదే పోయింది. ఆ రాళ్ళ మీద ఆమె పేరూ లేదు, లోవయ్య పేరూ లేదు.

ఇప్పటికీ ఆ రేవులో కొత్త పడవ దింపితే, సొంతదారు ఆలుబిడ్డలు ముందు ఎక్కి ఏరు దాటి తిరిగి రావాలి. అప్పటిదాకా ఇంకెవరూ కాలు పెట్టరు. అది రేవు మాట. ఊళ్ళో మాట వేరు. ఊళ్ళో గోడ కూలినా, మంచం విరిగినా, కొత్త కుండ కారినా, "ఇదేదో లోవయ్య పూతలా ఉందే" అని నవ్వుకుంటారు. లోవయ్య ఎవరో వాళ్ళకి తెలీదు. ఆనాడు కంపెనీ అన్నం తిన్న తాతలు ఆ మాట ఇచ్చిపోయారు, వీళ్ళు వాడుకుంటున్నారు.

సంతలో ఎవరైనా ఆ మాట అన్నప్పుడు రేవు మనిషి అక్కడుంటే, నెత్తి మీద గంప కిందకి దించుతాడు. "ఆ పూత లోవయ్య వెయ్యలేదు" అంటాడు. అంతే, ఇంకేమీ అనడు. గంప ఎత్తుకుని వెళ్ళిపోతాడు. రేవు పిల్లలకి ఈతకన్నా ముందు ఆ మాట నేర్పుతారు.